నారింజ తోకలు

ఆ ఏడు ఆగస్టులో మా కొండ మీద వేటకుక్కలకు పని లేకుండా పోయింది. అంతకుముందు చలికాలంలో డిస్టెంపర్ రోగం వచ్చి అడవిలోని రకూన్లను చాలావరకు ఊడ్చిపెట్టేసింది. కళ్లకు నల్ల గంత కట్టుకున్నట్టు కనపడుతూ, చారల తోక ఊపుకుంటూ మొక్కజొన్న చేలల్లో దొంగతనాలు చేసే ఆ జంతువంటే మా ఊరి మగవాళ్లకు ప్రాణం. దాని మీద ప్రేమ అనుకునేరు. దాని వెంట పడే కుక్కల గొంతు వినడంలో ఉంది వాళ్ల ఆనందమంతా. దాన్ని చెట్టెక్కించి కింద మొరుగుతున్నది తన కుక్కేనని గుర్తుపట్టిన మనిషి ముఖం చూడాలి. పెళ్లినాడు కూడా మా నాన్న అంత సంతోషంగా లేడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

నాన్న పేరు ఆర్విల్. మా వేటగాళ్ల క్లబ్బుకు ఆయనే పెద్ద. ఏటా సెప్టెంబరు చివర్లో చుట్టుపక్కల క్లబ్బులన్నీ మా కొండకు వచ్చి కుక్కల పోటీ పెట్టుకుంటాయి. జంతువులు కరువైన అడవిలో పోటీ ఎలా పెడతారని అందరూ లోపల అనుకుంటుంటే, పక్క కొండ క్లబ్బు పెద్ద గ్రోవర్ మాత్రం దాణా కొట్టు ముందు నలుగురిలో పైకే అనేశాడు: "ఏం ఆర్విల్, ఈసారి ఉడుతల పోటీ పెడదామా?" నాన్న ఆ మాట మింగలేక కక్కలేక ఇంటికి వచ్చి టాన్సీకి చెప్పుకున్నాడు. టాన్సీ ఆయన ముసలి వేటకుక్క. అమ్మకు చెప్పని సంగతులు కూడా దానికి చెప్పేవాడు.

నేనేమో ఆ వేసవిలో, మా వేటగాళ్ల లెక్కలో, శత్రువు కొలువులో చేరాను. రకూన్లలో రేబిస్ మీద పరిశోధన చేసే డాక్టర్ పొకోర్నీ దగ్గర ఉద్యోగం. ఏటికి అవతల రకూన్లలో పిచ్చి రోగం అప్పటికే పాకిపోయింది. ఇవతల జబ్బుది ఒక్కటీ లేదు. దాన్ని ఏటి దగ్గరే ఆపాలని ఆవిడ పంతం. చేపల పొడితో చేసిన దిమ్మల్లో టీకా మందు పొట్లాలు పెట్టి ఒడ్డు పొడుగునా అడవుల్లో చల్లేవాళ్లం. రకూన్ దిమ్మను కొరికితే పొట్లం పగిలి మందు నోట్లోకి పోతుంది. కొన్ని వారాలయ్యాక బోన్లు పెట్టి, పడినవాటికి మత్తిచ్చి, రక్తం తీసి, చెవికి బిళ్ల తగిలించి వదిలేవాళ్లం. టీకా పట్టిందో లేదో రక్తం చెబుతుంది.

"ఏటి వెంట మనం గీసిన ఈ గీత నిలిస్తే మనకు పడమర ఉన్న ఊళ్లన్నీ బతికినట్టే. జబ్బుపడ్డ రకూన్ ఒక్కటి దాటిందా, ఇన్నేళ్ల పని ఏట్లో కలిసినట్టే" అని ఆవిడ నాకు మొదటిరోజే చెప్పింది. ఆవిడ మాటల్లో పొదుపు ఎక్కువ. చెప్పినదాన్ని మళ్లీ చెప్పదు.

నేను మాత్రం ఆ సంగతులన్నీ ఇంటికి తెచ్చి భోజనాల బల్ల దగ్గర గుమ్మరించేదాన్ని. ఒంటినిండా చేపల కంపు. అమ్మ నన్ను వెనక వసారాలోనే బట్టలు మార్చుకోమనేది. నాన్న పళ్లెంలోంచి తల ఎత్తకుండానే, "అడవి జంతువులకు ఫలహారాలు పెట్టడానికి కూడా జీతాలిస్తున్నారన్నమాట" అనేవాడు. ఆయన నా మాట ఒక్కటీ చెవిన పెట్టడం లేదనే అనుకున్నాను.

ఆగస్టు నెలాఖరుకు ఉన్నట్టుండి లోయలో కుక్కలు అరవడం మొదలుపెట్టాయి. ఒకరోజు కాదు, వరసగా వారమంతా. నాన్న ముఖం విప్పారింది. చర్చిలో పాటలు కూడా ఆయన మామూలుకన్నా గట్టిగా పాడాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మెర్ల్ బాబాయి భోజనానికి వచ్చాడు. ఆయన నాన్నకు తమ్ముడు. ఒంటరి మనిషి, భారీ శరీరం, ఏ మాటా కడుపులో దాచుకోలేడు. అన్న అంటే ఆయనకు అరవై ఏళ్ల వయసులోనూ చిన్నపిల్లవాడి ఆరాధన. అమ్మ చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె బల్ల మీద పెట్టిందో లేదో, ఆయన మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, పోటీ గురించి ఇంక దిగులు పెట్టుకోకు."

"నేను దిగులుగా ఉన్నానని నీకెవరు చెప్పారు?"

"నీ మొహమే చెప్పిందిలే. ఈ వారమంతా లోయలో గోల విన్నావుగా? అవి దేవుడు పంపినవనుకుంటున్నావేమో. నీ తమ్ముడు పంపాడు."

డజను రకూన్లను కోళ్ల బుట్టల్లో తెచ్చి లోయలో వదిలాడట. మా కొండల్లో అది కొత్తేమీ కాదు. అడవి ఖాళీ అయినప్పుడల్లా ఎక్కడినుంచో జంతువులను తెచ్చి నింపడం క్లబ్బు పెద్దల పరువుకు సంబంధించిన పని. మా తాత ఒకసారి దక్షిణాది నుంచి రైల్లో తెప్పించాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. బాబాయి ఇంకో అడుగు ముందుకేశాడు. పోటీ రోజున అందరికీ అవి ఆర్విల్ క్లబ్బు రకూన్లని తెలియాలని, కొట్టానికి వేయగా మిగిలిన నారింజ రంగు వాటి తోకలకు పూశాడు.

అమ్మ నవ్వింది. నాన్నకు కూడా నవ్వు వచ్చింది. నాకు మాత్రం రాలేదు.

"ఎక్కణ్నుంచి తెచ్చావు బాబాయ్?" అని అడిగాను.

"ఏటవతల నుంచి. మా స్నేహితుడి పొలంలో బోలెడున్నాయి. బోన్లు పెట్టడం ఆలస్యం, పడిపోయాయి. అందులో ఒకటైతే బోను కూడా అక్కర్లేకపోయింది. పట్టపగలు కంచె పక్కన పెంపుడు పిల్లిలా కూచుంది. చేత్తో ఎత్తి బుట్టలో పెట్టా."

నేను చెంచా కింద పెట్టి నాన్న వైపు చూశాను. ఆయన అప్పటికే నన్ను చూస్తున్నాడు. మూడు నెలలుగా నేను చెప్పినవన్నీ ఆయన విన్నాడని, ఒక్క ముక్క కూడా వదలలేదని ఆ చూపుతో నాకు అర్థమైంది.

పళ్లెంలో మిగిలిన రొట్టె ముక్క తిని, చెయ్యి తుడుచుకుని, మేకుకున్న టోపీ తీసుకున్నాడు. "డెస్సా, బండి తాళాలు తే. మీ డాక్టరమ్మ ఉండేదెక్కడ?"

బాబాయికి ఇంకా సంగతి తెలియలేదు. అడవి జంతువు మనిషిని చూసి బెదరకపోవడం పిచ్చి రోగం లక్షణమని, అవతలివాటితో పాటు రోగమూ ఏరు దాటి ఉంటుందని నేను రెండు మాటల్లో చెప్పాను. ఆయన లేచి తలుపుకు అడ్డంగా నిలబడి, "అన్నయ్యా, ఎవరికీ తెలీదు. మనం నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు" అన్నాడు.

"నాకు తెలిసిందిగా" అన్నాడు నాన్న.

డాక్టరమ్మ అద్దె ఇంటి మెట్ల మీద నాన్న టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు చేసిన పని దాచలేదు, తమ్ముడి మీద వేసి తను పక్కకు జరగనూ లేదు. క్లబ్బుకు పెద్దను నేను, క్లబ్బు కోసం జరిగింది అన్నాడు. ఆవిడ అంతా విని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నాకు చాలా కోపంగా ఉందండీ ఆర్విల్ గారూ" అంది చివరికి. "అది తర్వాత చూపిస్తాను. ఇప్పుడు పనుంది. అవి నా బోన్లలో పడతాయా?"

పడవన్నాడు నాన్న. బోను రుచి ఒకసారి చూసిన రకూన్ రెండోసారి దాని ఛాయలకు రాదు. కుక్కలే వాటిని చెట్టెక్కించాలి. అయితే తుపాకులు వద్దంది ఆవిడ. రోగం ఉందో లేదో తేలాలంటే మెదడు చెదరకుండా దొరకాలి. ప్రాణాలతో పట్టి తేవాలి.

"అంటే చెట్టెక్కి పట్టుకురావాలి" అన్నాడు నాన్న. "మా వాళ్లలో సగం మంది ముసలాళ్లు. మిగతావాళ్లకి పొట్టలున్నాయి."

"ఎక్కలేరా?"

"ఎక్కుతారు."

మర్నాడే క్లబ్బు పాకలో కుక్కలకూ మనుషులకూ ఒకే వరసలో టీకా సూదులు పొడిచారు. కుక్కలు కిక్కురుమనలేదు. మనుషులే చొక్కా చేతులు పైకి మడవడానికి అష్టవంకర్లు తిరిగారు. జబ్బుదో కాదో తెలియని రకూన్‌ను ఒట్టి చేతులతో ఎత్తుకున్నాడు కాబట్టి బాబాయికి పిచ్చికుక్క కరిచినవాళ్లకు వేసే సూదులన్నీ పడ్డాయి. ఆ తర్వాత అధికారులు రెండేళ్లపాటు ఆయన వేట లైసెన్సు రద్దు చేశారు. ఆయన తన తుపాకీ తెచ్చి మా వంటింటి మూల ఆనించి, కాఫీ తాగమన్నా తాగకుండా వెళ్లిపోయాడు. ఆపైన మా గడప తొక్కలేదు. అడవిలో అన్నదమ్ములు తాడు పట్టు, నిచ్చెన జరుపు అని తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. నాన్నకు తమ్ముడి మీద కోపమో, తన కోసమే ఇదంతా జరిగిందన్న బాధో నాకు తెలియదు. రెండూ అయ్యుంటాయి.

ఆ సెప్టెంబరు ఉదయాలు నేను చచ్చినా మరిచిపోను. మంచు తడి ఆరకముందే కుక్కలను వదిలేవాళ్లు. కుర్ర కుక్కలకు అప్పుడే పోయిన జంతువు వాసన కావాలి. టాన్సీకి మాత్రం చల్లారిపోయిన జాడ చాలు. ముక్కు నేలకు రాస్తూ, తొందరలేకుండా, సాగదీసిన గొంతుతో అరుచుకుంటూ పోయేది. చెట్టు కిందకు చేరగానే ఆ రాగం తెగిపోయి, గొడ్డలితో నరికినట్టు పొట్టి పొట్టి మొరుగులు వచ్చేవి. అప్పుడు పొట్టలున్న పెద్దమనుషులు ఆయాసపడుతూ కొమ్మలు పట్టుకుని పాకేవాళ్లు. అందరికన్నా బరువైనవాడు బాబాయి. అందరికన్నా ఎక్కువ చెట్లు ఎక్కింది కూడా ఆయనే. ఒకసారి కొమ్మ విరిగి ముళ్లపొదలో పడి, వీపంతా గీరుకుపోయినా, పైకి చూస్తూ "అది కిందికి దూకిందా?" అనే అడిగాడు.

ఒక్కొక్కటిగా దొరికాయి. మొదటివాటికి రోగం లేదని ప్రయోగశాల నుంచి కబురు వచ్చినప్పుడల్లా పాకలో ఒకటే కేరింతలు. తర్వాత ఒకటి వాగు ఒడ్డున దొరికింది. దాన్ని పట్టడానికి కుక్క అవసరం లేకపోయింది. పట్టపగలు తన చుట్టూ తాను తిరుగుతోంది, కాళ్లు తడబడుతున్నాయి, నారింజ తోక బురదలో ఈడ్చుకుపోతోంది. ఫోన్ వచ్చినప్పుడు డాక్టరమ్మ "అలాగే, అలాగే" అని పెట్టేసి, "ఉంది" అంది. అది మా అడవిలో ఎన్నిటిని కరిచిందో ఎవరికి తెలుసు? ఆ వాగు చుట్టూ ఉన్న మా రకూన్లను పట్టి పరీక్షించడం ఒకపక్క, మిగిలిన నారింజ తోకలను వెతకడం ఇంకోపక్క. నిద్ర సంగతి అందరం మరిచిపోయాం.

పోటీకి వారం ఉందనగా ఒక్కటి మిగిలింది. ఎంత వెతికినా దాని జాడ లేదు. పోటీ రద్దు చేద్దామన్నారు కొందరు. నాన్న వద్దన్నాడు. ఇన్ని కుక్కలు ఒకచోట చేరేది ఏడాదికి ఒక్కసారి, ఆ ఒక్కరోజే మనకు కావాలన్నాడు. వెళ్లి గ్రోవర్‌కు ఫోన్ చేశాడు. మా తమ్ముడు తప్పు చేశాడు, మా కొండకు రోగం వచ్చింది, నీ సాయం కావాలి అని ఆ మనిషికి చెప్పడానికి నాన్నకు ఎంత కష్టమైందో పక్కనే నిలబడ్డ నాకు తెలుసు. ఇక ఎగతాళి మొదలవుతుందనే అనుకున్నాను.

"ఎన్ని కుక్కలు కావాలి?" అన్నాడు గ్రోవర్.

పోటీనాడు తెల్లవారేసరికి కొండ దారి పొడుగునా బండ్లే. డాక్టరమ్మ తడికె దగ్గర నిలబడి ప్రతి కుక్కకూ టీకా వేసిన కాగితం చూసి మరీ లోపలికి వదిలింది. ఆ ఏడాది మార్కులు లేవు, తుపాకుల్లేవు, బహుమతి లేదు. వెతకాల్సింది ఒక్క తోక. అయినా వచ్చినవాళ్లలో ఒక్కడూ వెనక్కి పోలేదు.

కుక్కలన్నిటినీ ఒకేసారి వదిలితే కొండంతా మోగిపోయింది. కాసేపటికి ఆ గోలంతా వాగు పక్కనున్న పెద్ద చెట్టు కింద చేరింది. గ్రోవర్ కుక్క ముందు, మిగతావి దాని వెనక. అందరం పరుగెత్తాం. పైన రకూన్ ఉంది. చెవికి నేను తగిలించిన బిళ్ల కూడా ఉంది. తోక మీద మాత్రం రంగు లేదు. మాదే, ఎప్పటినుంచో ఇక్కడున్నది. జనం ఉసూరుమన్నారు.

నాన్న చెట్టు వైపు చూడటం లేదు. తల పక్కకు వంచి నిలబడ్డాడు. "మీ కుక్కల నోళ్లు మూయించండి" అన్నాడు. మూయించారు. అప్పుడు వినపడింది. పాడుబడ్డ రాతి గని వైపు నుంచి, బాగా దూరంగా, ఒక్కటే గొంతు.

"టాన్సీ" అన్నాడు.

"మీ ముసలిది దేన్నో చూసి మొరుగుతోందిలే. ఇన్ని కుక్కలు అటు వెళ్లనే లేదు" అన్నాడు గ్రోవర్.

"అది ఊరికే మొరగదు. నడవండి."

గనికి చేరేసరికి టాన్సీ ఒక బండ సందు ముందు కాళ్లు చాపి పడుకుని ఉంది. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. మమ్మల్ని చూసి తోక కూడా ఊపలేదు, చూపు సందులోనే ఉంది. బాబాయి తోలు తొడుగులు వేసుకుని, ఉచ్చు కట్టిన కర్ర పట్టుకుని బోర్లా పడుకుని లోపలికి పాకాడు. బయట కనపడుతున్నవి ఆయన బూట్లు మాత్రమే. లోపల గీరుడు, బుసలు, బాబాయి తిట్లు. నాన్న ఆ రెండు బూట్లూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి "లాగన్నయ్యా" అని వినపడింది. లాగాడు. ఉచ్చులో చిక్కిన రకూన్ బయటికి వచ్చింది. తోక రంగు చాలావరకు పోయింది కానీ, చివర ఒక్క చార మాత్రం నారింజ రంగులో అలాగే ఉంది.

గ్రోవర్ టోపీ తీసేశాడు. అది చూసి అందరూ తీశారు. మా దగ్గర వేట ముగిసిందంటే క్లబ్బు పెద్ద మెడలోని కొమ్ముబూర ఊదాలి. అది వినపడితేనే కుక్కలను ఇళ్లకు తీసుకుపోతారు. "ఊదు ఆర్విల్" అన్నారు. నాన్న బూర మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. "వేట ఇంకా అవ్వలేదు. ఈవిడ అయ్యిందంటే అయినట్టు" అని డాక్టరమ్మ వైపు చూపించాడు. ఆ రోజు కుక్కలను ఈలలు వేసుకుంటూ ఇళ్లకు తోలుకుపోయారు.

ఆ చివరిదానికి రోగం లేదని మూడు రోజుల్లో తెలిసింది. కానీ వాగు దగ్గరి జబ్బు రకూన్ ఇంకెన్నిటికి అంటించిందో తేలాలి. ఆ రోగం ఒంట్లో వారాల తరబడి నక్కి కూర్చుంటుంది. అక్టోబరంతా, నవంబరు చాలావరకు మేం బోన్లు పెడుతూ, రక్తాలు తీస్తూ, చచ్చి పడిన ప్రతి జంతువునూ ప్రయోగశాలకు పంపుతూ గడిపాం. క్లబ్బువాళ్లు వంతులు వేసుకుని అడవి తిరిగారు. ఒకప్పుడు మా చేపల దిమ్మలను చూసి ముక్కు మూసుకున్నవాళ్లే, ఆ శరదృతువులో వాటిని సంచులకొద్దీ భుజాన మోసుకుపోయి చల్లారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కూడా వాళ్లను వసారాలోనే నిలబెట్టారట. నాకు భలే సంతోషమేసింది.

నవంబరు చివర్లో గడ్డి మీద మంచు గట్టిపడిన ఒక ఉదయం డాక్టరమ్మ పాకకు వచ్చింది. ఫోన్ చెయ్యకుండా మనిషే వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. గ్రోవర్ కూడా ఉన్నాడు, అప్పటికి రోజూ వస్తున్నాడు. బాబాయి తలుపు పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆ రెండు నెలలూ ఆయన అక్కడే నిలబడేవాడు, ఎప్పుడూ కూర్చోలేదు.

వాగు చుట్టూ పట్టినవాటిలో ఒక్కదానికీ రోగం లేదంది ఆవిడ. మా కొండ రకూన్లలో ఎక్కువవాటికి టీకా పట్టింది. జబ్బుది వాటిని కరిచినా కరవకపోయినా, రోగం అక్కడితో ఆగిపోయింది.

"వసంతంలో మళ్లీ చూస్తాను. పై ఏడూ చూస్తాను. నా పని అది" అంది. "కానీ ఇవాళ్టికి ఏటికి ఇవతల రేబిస్ లేదు. గీత నిలిచింది."

నాన్న మెడలోంచి బూర తీసి, నలుగురినీ తప్పించుకుంటూ తలుపు దాకా వెళ్లాడు.

"మొదలుపెట్టింది నువ్వు. నువ్వే ముగించు" అని తమ్ముడి చేతిలో పెట్టాడు.

బాబాయి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. లైసెన్సు కూడా లేనివాణ్నన్నాడు. ఊదడానికి లైసెన్సు అక్కర్లేదన్నాడు గ్రోవర్. అందరం బయటికి వచ్చాం. మొదటిసారి ఊదితే దూడ అరుపులాంటి చప్పుడు వచ్చింది. ఎవరో నవ్వారు, బాబాయికీ నవ్వొచ్చింది. మూతి తుడుచుకుని, కాళ్లు ఎడం చేసి నిలబడి మళ్లీ ఊదాడు. ఈసారి అది లోయ దాటి, వాగు దాటి, ఏటి దాకా పోయింది. గ్రోవర్ తన బూర తీశాడు. పక్కవాడు తీశాడు. మా కొండ మీంచి, పక్క కొండ మీంచి, విన్నవాళ్లంతా బదులు ఊదడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ అందరి ముందే ఏడ్చేసింది. నేను గొంతు పోయేలా అరిచాను. నా బతుకులో నాకు అంత గర్వంగా ఇంకెప్పుడూ అనిపించలేదు.

మిగతావాళ్లంతా ఆపినా బాబాయి ఆపలేదు. ఊపిరి అయిపోయేదాకా ఊదుతూనే ఉన్నాడు. నాన్న ఆయన వీపు మీద చెయ్యి వేసి పక్కనే నిలబడ్డాడు.